లోపలికి చూసుకునే డ్రైవరన్న

గల్ఫ్‌లో పనిచేసే రోజుల్లో, అబ్బాసియాలో మా గదిలో ఉండే జగిత్యాల డ్రైవరన్న రోజూ పొద్దున్నే మంచం మీద పద్మాసనం వేసి కళ్లు మూసుకునేవాడు. చాయ్ తాగమంటే, "ఆగుర్రి, లోపల చూసుకుంటున్న" అనేవాడు. అక్కడ నిన్నటి బిర్యానీ తప్ప ఏముంటుందని మేం నలుగురం నవ్వేవాళ్లం.

ఒక శుక్రవారం కళ్లు తెరిచి, "మీ తొక్కు సీసా ఖాళీ జేసింది నేనే" అన్నాడు. ఆ నింద మేం అప్పట్లో మా గదిలోనే ఉన్న కడపాయన మీద వేశాం. పాపం, ఆయన గది వదిలి వెళ్లిపోయి అప్పటికి నెలయింది. మాకు నవ్వు రాలేదు.

డ్రైవరన్న ఆ పూటే ఆయన ఇప్పుడుంటున్న బ్నీద్ అల్ గార్ పేటకు వెళ్లి, ఆయన కాళ్లు పట్టుకుని వెంటబెట్టుకొచ్చాడు. కడపాయన సంచీ దించి మా వైపు చూశాడు.

"వీళ్లను గూడా కూర్చోబెట్టన్నా. లోపల శానా ఉంటాది."

కూర్చున్నాం. కళ్లు మూసుకోవడానికి మాత్రం ఎవరికీ ధైర్యం చాలలేదు.