ముట్టలేదని రాయించిన చెల్లెలు

హక్కు వదులుకునే మనిషితో ఒంటరిగా మాట్లాడాకే నేను కాగితం రాసేదాన్ని. మేడ్చల్‌లో బోర్డు తగిలించిన మొదటి ఏడాది నుంచీ నా ఆఫీసులో అదే పద్ధతి. అన్నదమ్ములు అక్కనో చెల్లెనో వెంటబెట్టుకుని వచ్చి, "సంతకం పెడ్తది మేడం, జర జల్ది కానియ్యిరి" అనేవారు. నేను వాళ్లను కింద విత్తనాల దుకాణం ముందు కూర్చోమని పంపించి, తలుపు దగ్గరగా వేసి ఆమెను అడిగేదాన్ని. ఇది ఏం కాగితమో తెలుసా, పోయేది ఎంత భూమో తెలుసా, ఇష్టమేనా అని. చాలామంది "అన్న చెప్పిండు, పెడ్తున్న" అనేవారు. కొందరు ఏడ్చేవారు, ఏడ్చి కూడా పెట్టేవారు. పెట్టనన్నవాళ్లు ఏ ఇద్దరో ముగ్గురో ఉంటారు. ఆ మాత్రానికే నాకు చెడ్డపేరు వచ్చింది. "ఆ వకీలమ్మ దగ్గరికి ఆడోళ్లను తీస్కపోకుండ్రి, చెడగొడ్తది" అని చాయ్ హోటల్లో అనుకునేవారట. అనుకోనీలే అని ఊరుకున్నాను. నాకు ముక్కు మీదే కోపం. ఊరంతా ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారి అని మా నాయిన నన్నే అనేవాడు.

అలాగని ఇదంతా ధర్మం కోసమే చేశానని గొప్పలు పోను. తెలియక పెట్టిన సంతకం ఎప్పుడో ఒకనాడు కోర్టు మెట్లెక్కుతుంది, రాసిన వకీలు పేరునూ వెంట లాక్కెళ్తుంది. పెద్ద ఆఫీసులో పదిమంది పేర్లుంటాయి, ఒకటి మాసినా ఇంకోటి పనికొస్తుంది. ఒంటిగది వకీలుకు ఉన్నదే ఒక్క పేరు. దాన్ని కాపాడుకోకపోతే అద్దె కట్టడమే కష్టమైపోతుంది.

నాకు పని నేర్పిన సీనియర్ గారు, నేను ఊళ్లో సొంతంగా పెట్టుకుంటానన్నప్పుడు రెండు మాటలు చెప్పి పంపారు. అన్నం తినకుండా కక్షిదారుతో మాట్లాడకు, ఒక్క కక్షిదారు ఫైళ్లతో బీరువా నింపుకోకు. మొదటిది ఈనాటికీ పాటిస్తున్నాను. రెండోదానికి మాత్రం పటేలు అడ్డం వచ్చాడు.

కండ్లకోయ వైపు పెద్దరోడ్డు పక్కన ఆయనకు తండ్రి ఇచ్చిన భూములు ఉండేవి. మొదట్లో జొన్న, కూరగాయలు పండించేవాడు. తర్వాత ప్లాట్లు కొట్టి అమ్మడం మొదలుపెట్టాడు. ఆడ వకీలని ఎవరూ నా మెట్లెక్కని రోజుల్లో ఆయన ఎక్కాడు. "మా పెద్దోళ్ల కాగితాలు ఉర్దూల ఉన్నయ్ అమ్మా, చదివించి నిజం చెప్పు, గంతే" అన్నాడు. నిజం చెప్పాను. ఆయనకు నచ్చింది. నాలుగైదేళ్లలో నా బీరువాలో సగానికి పైగా ఆయన ఫైళ్లే. ఆయన మీద నాకు గౌరవం ఉండేది, ఇప్పుడూ ఉంది. ఇది చెప్పకుండా మిగతాది చెబితే అన్యాయమవుతుంది.

ఆడపిల్లలకూ తండ్రి ఆస్తిలో సమాన వాటా అని చట్టం మారాక, కొనడానికి వచ్చే సిటీవాళ్లు అక్కచెల్లెళ్ల సంతకాలు లేనిదే భూమిని ముట్టుకోలేదు. అప్పుడు పటేలు తన చెల్లెల్ని తీసుకొచ్చాడు. ఆమెను శామీర్‌పేట దగ్గర ఊళ్లో ఇచ్చారు. పెళ్లయి ఇరవై ఏళ్లు దాటి ఉంటుంది. రోడ్డు పక్క భూమి చెక్క ఒకటి అమ్ముతున్నాడు, అందులో ఆమె హక్కు విడుదల చేస్తూ కాగితం కావాలి. "మన చెల్లెనే, ఏమనదు. నువ్వు రాసి పెట్టు" అని తానే కిందికి దిగిపోయాడు. నా పద్ధతి ఆయనకు తెలుసు, దాన్ని మెచ్చుకున్నవాడు కూడా.

నేను నమూనా ముసాయిదా చదివి వినిపించాను. అలాంటి కాగితాల్లో అందరూ రాసే మాటే అందులోనూ ఉంది: నా వాటా కింద రావలసినది నగదు, బంగారం రూపేణా నాకు ఇదివరకే పూర్తిగా ముట్టినది.

ఆమె చెయ్యెత్తి ఆపింది.

"సంతకం పెడ్త అమ్మా. భూమి వద్దు నాకు. గని ముట్టినది అని రాయొద్దు. నాకేం ముట్టలే."

"వాటా ఎంత వస్తుందో తెలుసా అక్కా?"

"ఎరికనే. కొట్లాడి తీసుకుంటె నాకు తల్లిగారిల్లు ఉండదు. ఇడిసిపెడ్తున్న అని రాయి. ఏం ఇయ్యలే, అయిన ఇడిసిపెడ్తున్న అని రాయి."

ఎందుకంత పట్టు అని అడిగాను. అప్పుడు చెప్పింది. వాళ్ల నాయిన పోయిన పదకొండో నాడు, భోజనాల దగ్గర బంధువులంతా ఉండగా, చెల్లెకు ఏమిచ్చారని ఎవరో అడిగారట. "నాయిన ఉండంగనే ఇచ్చిండు. పైసలు, బంగారం అంత ముట్టింది" అన్నాడట పటేలు. నలుగురిలో తక్కువ కావద్దని అన్న మాట. అది ఆమె అత్తగారి చెవిలో పడింది. ఇంటికి పోగానే ఈమె పెట్టె తీయించింది. ఏమీ లేదు. ఎక్కడో దాచిందన్నారు. బోరు ఎండిననాడు "మీ నాయిన బంగారం తియ్యి" అన్నారు. బర్రెలను అమ్మిననాడు అన్నారు. కొడుకు ఫీజు కట్టలేక చదువు మాన్పించిననాడు కూడా అన్నారు.

"మా ఇంటాయన ఏమనలే అమ్మా. ఒక్కనాడు అనలే. అంటె బాగుండు, లేదని చెప్తుంటి."

ఇది చెప్పేటప్పుడు ఆమె ఏడవలేదు.

పటేలును పైకి పిలిచాను. ఆయన వకీలును కాబట్టి ఆయనకు చెప్పాల్సిన పద్ధతిలోనే చెప్పాను. ఏమీ తీసుకోకుండా వదులుకున్నానని రాసినా కాగితం చట్టప్రకారం నిలుస్తుంది, భూమి మొత్తం మీకే వస్తుంది, ముట్టిందని అబద్ధం రాసే అవసరమే లేదు అన్నాను. ఆయన ముఖం మాడిపోయింది.

"గట్ల రాస్తె ఏమైతది? చెల్లెకు ఇంత పసుపు కుంకుమ కింద సుత ఇయ్యలేదని సర్కారు కాగితంల ఉంటది. కొనెటోడు సదువుతడు, ఊరోళ్లు సదువుతరు. నా ఇజ్జత్ ఏంగావాలె?"

"ఇచ్చారా పటేలా?" అన్నాను.

ఆయన చెల్లెలి వైపు చూడలేదు. "నువ్వు నా వకీలువా, దాని వకీలువా?" అన్నాడు.

"మీ వకీలునే. అందుకే తప్పుడు కాగితం రాయనంటున్నాను."

మర్నాడు జీపు పంపి తన ఫైళ్లన్నీ తెప్పించుకున్నాడు. బీరువాలో కింది రెండు అరలూ ఖాళీ అయ్యాయి. నేను కుర్చీలో కూర్చుని చూస్తూ ఉన్నాను. భయం వేసింది, దాచడమెందుకు. నెల తిరిగేసరికి మా ఇంట్లోనూ ఆ మాట వచ్చింది, ఒక ముక్క రాస్తే పోయేదేముంది, అందరూ రాస్తున్నదే కదా అని. కసిరి నోరు మూయించాను గానీ, అదే మాట నాలో నేనూ అనుకోకపోలేదు.

ఆ తర్వాత పిండి కొద్దీ రొట్టె. కుత్బుల్లాపూర్ కాలనీల నుంచి ఫ్యాక్టరీల్లో చెయ్యి తెగినవాళ్లు, పని నుంచి తీసేసినవాళ్లు వచ్చేవారు. వాళ్ల కోసం పొద్దున కోర్టు టైముకు ముందు గంటసేపు పెట్టుకున్నాను. కాలేజీ పిల్లల అఫిడవిట్లు రాశాను. గుండ్లపోచంపల్లిలో కిరాయి తగాదాలు చూశాను. అన్నీ చిన్నవే. చిన్న పనులకు ఒక సుఖముంది, వాటిలో ఏ ఒక్కటి పోయినా నిద్ర పట్టకుండా ఉండదు.

పటేలు ఊరుకోలేదు. ఇద్దరు ముగ్గురితో కాగితం రాయించి చెల్లెలి దగ్గరికి పట్టుకెళ్లాడు. చదివించుకుని వినేది, ముట్టినది అన్న మాట రాగానే "ఆ వకీలమ్మ రాసిందే తేరి, పెడ్త" అనేది. కొనేవాళ్లకు ఓపిక తగ్గుతోంది. చివరికి ఒకనాడు మధ్యాహ్నం అన్నాచెల్లెళ్లిద్దరూ నా మెట్లెక్కారు.

ఆయన పట్టుకొచ్చిన కొత్త మాట విని నేను నిజంగా నివ్వెరపోయాను. రోడ్డు పక్కనే అరెకరం చెల్లెలి పేర రాస్తానన్నాడు. సొంతంగా, రిజిస్ట్రీ చేసి మరీ. ఒకటే షరతు. ఇదివరకే ముట్టిన నగదు, బంగారం గాక, ప్రేమతో ఈ అరెకరం అని రాయాలి. ఆ ఒక్క "గాక" కోసం ఆయన అరెకరం ఇవ్వడానికి సిద్ధపడ్డాడు. ఇవ్వలేదని ఒప్పుకోవడం కంటే ఆ మనిషికి ఇవ్వడమే తేలికైంది.

ఆయన్ను కిందికి పంపి, ఆమె ముందు కూర్చున్నాను. నా పద్ధతి ప్రకారం అడగాలి గానీ చెప్పకూడదు. ఆ రోజు చెప్పాను.

"తీసుకో అక్కా. రోడ్డు పక్క అరెకరమంటే ఇవాళ నీ కొడుకు బతుకు బాగుపడుతుంది. మాటదేముంది, గాలికి పోతుంది."

"గాలికి పోలేదు గదమ్మా. ఇరవై ఏండ్ల సంది మా ఇంట్లనే ఉన్నది" అంది. "భూమి వస్తె మా అత్త ఏమంటదో ఎరికనా? గిది ఇచ్చినోళ్లు గది సుత ఇచ్చే ఉంటరు అంటది. ఇగ నేను సచ్చేదాంక దొంగనే."

నాకు కోపం వచ్చింది. ఆమె మీదో, ఆ పటేలు మీదో, పంక్తి భోజనంలో అడక్కూడని మాట అడిగిన ఆ మనిషి మీదో తెలియలేదు. అరెకరం భూమి నా బల్ల మీద ఉంది, ఆమె దాన్ని చేత్తో కూడా తాకడం లేదు. ఇంకోసారి అడిగాను, మీ ఇంటాయనను అడిగి చెప్తావా అని. "ఆయన కోసమే గదమ్మా" అంది.

పటేలుకు ఆ సంగతి నేనే చెప్పాను. ఆయన కిటికీ దగ్గరికి పోయి రోడ్డును చూశాడు. కొనేవాళ్లు ఆ వారమే తేల్చమన్నారు. "రాయి, నీ ఇష్టమొచ్చినట్టు రాయి" అన్నాడు. తిరిగి చెల్లెల్ని చూసి, "అరెకరం ఇస్తనన్న. యాది పెట్టుకో" అన్నాడు. ఆమె తలూపింది.

రాశాను. నాకు నా తండ్రిగారి వలన గానీ, అన్నగారి వలన గానీ నగదు, బంగారం, భూమి రూపేణా ఏమియు ముట్టలేదు. అయినను నా ఇష్టపూర్వకముగా నా హక్కును వదులుకొనుచున్నాను. ఇద్దరూ సంతకాలు పెట్టాలని ఆమే అడిగింది. రిజిస్ట్రార్ ఆఫీసులో ఆయన చదవకుండానే పెట్టాడు. బయటికొచ్చాక జీపు తలుపు తీసి చెల్లెల్ని ఎక్కమన్నాడు. ఆమె ఎక్కింది. దానికి నేను సంతోషించాను.

పటేలు మళ్లీ నాకు పని ఇవ్వలేదు, ఎదురుపడితే మాత్రం నమస్కారం పెట్టేవాడు. తమాషా ఏమిటంటే ఆ చెక్క కొన్న సిటీవాళ్లు తర్వాత నా దగ్గరికే వచ్చారు. ఇలాంటి మాట కూడా దాచకుండా రాసిన కాగితమైతే రేపు ఎవరూ తిరగబడరని వాళ్ల లెక్క. వాళ్లు ఇంకొకరిని పంపారు. బీరువా మెల్లగా నిండింది, కానీ ఏ అరలోనూ ఒక్కరి పేరే లేకుండా చూసుకున్నాను.

రిజిస్ట్రీ అయిన కొన్ని రోజులకు ఆమె మళ్లీ వచ్చింది. ఈసారి వెంట అత్తగారు. శామీర్‌పేట వైపు నుంచి బస్సులు మారి వచ్చారు. ముసలామె మెట్లెక్కలేక రెండుచోట్ల కూర్చుందట. లోపలికి వచ్చి, కుర్చీ చూపినా వినకుండా నేల మీదే కూర్చుంది.

"సదువు బిడ్డా. ఇది చెప్తె నేను నమ్మ" అంది.

చదివాను. ఏమియు ముట్టలేదు అన్నచోట కోడలు తల దించుకుంది.

"మళ్ల సదువు."

మళ్లీ చదివాను.

"బంగారం సుత లేదా?"

"లేదని రాసి ఉంది అవ్వా. ఇదిగో, కింద పటేలు సంతకం కూడా ఉంది."

ముసలామె ఆ కాగితం తీసుకుని, చదువు రాకపోయినా, సంతకం ఉన్నచోట బొటనవేలితో తడిమింది. ఇప్పుడు ఏడుస్తుంది, కోడలి చేయి పట్టుకుంటుంది అనుకున్నాను. ఆమె తలెత్తి కోడలి మీద విరుచుకుపడింది.

"ఏమీ ముట్టకుంటె గంత భూమి ఎట్ల ఇడిసిపెట్టినవే? తలకాయ ఉన్నదా నీకు? నోట్ల నాలిక లేదా? నాకన్న ఒక్క మాట చెప్పకపోతివి, నేనొచ్చి అడగకపోదునా మీ అన్నను?"

నాకు ఒళ్లు మండింది. ఇన్నేళ్లు దొంగను చేసిన మనిషి ఇవాళ ఇలా అంటుందా అని లేచి నిలబడ్డాను. ఏదో అనబోయాను కూడా. కోడలు నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆమె కళ్ల నిండా నీళ్లున్నాయి, నవ్వుతోంది.

"అననియ్యమ్మా. ఇన్నేండ్లు దాసుకున్నదని తిట్టింది. ఇగ ఇడిసిపెట్టిందని తిడ్తది, తిట్టనియ్యి."

అత్తగారిని రెక్క పట్టి లేపి, మెల్లగా మెట్లు దింపింది. కిందికి పోయేదాకా ముసలామె తిడుతూనే ఉంది.