అమ్మవారికి తెలిసినవి, ఆఫీసుకు తెలియనివి

ఇది ప్రాణాలను పణంగా పెట్టిన వీరుల గాథ. ఇందులో ఆకాశాన్నంటే కట్టడం ఉంది, పైనుంచి కూలిపడే ఉక్కు ఉంది, దేవత ఎదుట చేసిన ప్రతిజ్ఞ ఉంది. నిజం చెప్పాలంటే కట్టడం నాలుగంతస్తులది, పడిన ఉక్కు సిమెంటు మాలు పైకి ఎత్తే ఒక తొట్టి, వీరులెవరికీ గీత కూడా పడలేదు. అసలు ఈ కథంతా ఎవరికీ ఏమీ కాకపోవడం గురించే. ముప్పై నిండనివాడికి జ్ఞాపకాలేమిటని నవ్వకండి, మన తరానికి ఐదేళ్ళ కిందటి ఫోనే పురావస్తువు కదా.

మొన్న జనగామలో, మేము కడుతున్న బిల్డింగ్ పక్కన కూర్చుని నేను ఇడ్లీ తింటుంటే, సెంట్రింగ్ పనిచేసే అన్న ఒకాయన వచ్చి, "సార్, పైకెల్లి చెక్క జారి పడ్డది. ఎవలికి తాకలే. రాస్కో" అని, ఛాయ్ తాగడానికి వెళ్ళిపోయాడు. చెప్పినందుకు ఆయనకు భయం లేదు, విన్నందుకు నాకు ఆశ్చర్యం లేదు. ఇంత చప్పగా జరిగిపోయిన ఈ సంగతి ఒకప్పుడు ఎంత దుర్లభంగా ఉండేదో తలచుకుంటూ ఉండగా ఇడ్లీ చల్లారిపోయింది.

నా మొదటి ఉద్యోగం భూపాలపల్లిలో. లింగాల ఘనపూర్ నుంచి బట్టల సంచీ పట్టుకుని, పసుపు హెల్మెట్ నెత్తిన పెట్టుకుంటే ప్రపంచాన్ని కాపాడవచ్చని నమ్మి బయలుదేరాను. సేఫ్టీ చూడటం నా పని. ప్రమాదం జరిగాక ఏడవడం కాదు, జరగబోయి తప్పిపోయినప్పుడే చెప్పాలి, చెబితే దాని కారణం సరిచేస్తాం అని పనివాళ్ళకు నచ్చజెప్పాలి. ఎవరి పేరూ రాయనక్కర లేకుండా చీటీ వేయడానికి ఒక డబ్బా పెట్టించాను. అందులో నాకు దొరికినవి ఒక బిస్కెట్ కాగితమూ, ఎవరో పోగొట్టుకుంటే దొరికినవాళ్ళు భద్రంగా వేసిన చొక్కా గుండీ. చెప్పినవాడిదే తప్పు అవుతుందనీ, మరునాటి నుంచి పనికి రావద్దంటారనీ వాళ్ళందరికీ అంతకుముందు చేసిన సైట్లలోనే అనుభవమైందని నాకు అప్పుడు తెలియదు.

సిమెంటు షెడ్డు వెనక, పని మొదలుపెట్టిన రోజున మేస్త్రి నిలబెట్టిన పసుపు రాయి ఒకటి ఉండేది. అదే మా అమ్మవారు. దాని ముందు తరచుగా కొబ్బరికాయలు కొట్టేవారు, అందరికీ తలా ఒక ముక్క పెట్టేవారు, మిగిలింది మాకు వంటచేసే అక్క మరునాడు ఇడ్లీలోకి చట్నీ చేసేది. ఆ అక్కది మహబూబాబాద్ జిల్లాలో గూడూరు దగ్గరి తండా. పొద్దున వంట ముగించి పగలంతా కింద మాలు తొట్టి నింపేది, ఆమె భర్త, నేను బావా అని పిలిచే మనిషి, మిషనుతో ఆ తొట్టిని పైకి లాగేవాడు. వీళ్ళకెంత భక్తి అని మురిసిపోతూ నేను చట్నీ మారు వేయించుకునేవాణ్ణి.

ఒక పొద్దున చట్నీ మరీ గట్టిగా ఉంది.

"ఏందక్కా, ఇయ్యాల కొబ్బరి గింత దండిగున్నది?"

"రెండు కాయలు కొట్టినం తమ్మీ. నాదొకటి, మీ బావదొకటి."

"ఏం మొక్కు?"

ఆమె బావ వైపు చూసింది. ఇద్దరూ తమ భాషలో కాసేపు గుసగుసలాడుకున్నారు. తర్వాత అక్క గొంతు తగ్గించింది. "నిన్న తొట్టి జారి నా పక్కకే పడ్డది. కొక్కానికి తొట్టి జారకుండ ఉండే అడ్డరేకు ఇరిగిపోయింది, తీగె కట్టి నడిపిస్తున్నం. నువ్వు ఎవలికి చెప్పకు. మిషను నడిపెటోన్దే తప్పని మీ బావను ఎల్లగొడ్తరు."

అప్పటిదాకా నేను తిన్నదంతా ఏమిటో అప్పుడు తెలిసింది. ప్రాణం దక్కిన ప్రతివాడూ ఒక కాయ కొడుతున్నాడు. నివేదికలన్నీ అందవలసిన చోటికే అందుతున్నాయి, ఆ చోటు నా డబ్బా మాత్రం కాదు. చెబితే బావ పని పోతుంది, చెప్పకపోతే ఆ తొట్టి కింద మళ్ళీ నిలబడేది అక్కే. ఇంతటి ధర్మసంకటంలో నేను చేసిన మహత్కార్యం, ఇంకో ఇడ్లీ వేయించుకుని ఆలోచించడం.

తర్వాత ఇంజనీరు గారి దగ్గరికి వెళ్ళి, ఎవరి పేరూ ఎత్తకుండా, మీటింగు అయ్యేదాకా తొట్టి ఆపించి, ఆ పొద్దుటి మీటింగు రాయి ముందే పెట్టమని బతిమాలాను. ఆయన మంచివాడు, పైగా కొబ్బరంటే ఇష్టం. అందరూ చేరాక, తప్పిపోయిన ప్రమాదం ఏదైనా సరే మాకు చెప్పనక్కర్లేదు, తల్లికే పైకి వినిపించేలా చెప్పుకోండి, అందుకు ఎవరినీ పనిలోంచి తీయనని ఆయన రాయి మీద చెయ్యి పెట్టి మాటిచ్చాడు. అందరూ ఒకరి వెనక ఒకరు సర్దుకున్నారు. చివరికి అక్క కొంగు బిగించి ముందుకొచ్చింది.

"తల్లీ, తొట్టి జారి పడ్డది. జర ఇవుతల ఉన్న గనుక బతికిన. కొక్కానికి అడ్డరేకు లేదు. గా కొక్కెం మార్పియ్యి."

మేస్త్రి ముఖం మాడిపోయింది గానీ, మొక్కుకుంటున్న మనిషిని ఎలా తిడతాడు? "నాకు చెప్తె అయిపోతుండె గదా" అని మాత్రం గొణిగాడు.

"రేకు ఇరిగిందని నీకు మొన్ననే చెప్పినం గదనే అన్నా! నువ్వు రేపంటివి. తల్లి జర జల్ది ఇంటదని గిట్లొచ్చిన."

అందరూ నవ్వేశారు, కాసేపటికి మేస్త్రి కూడా. సాయంత్రానికి కొత్త కొక్కెం వచ్చింది, తొట్టి నడిచింది, బావ మిషను దగ్గరే ఉన్నాడు. ఆ తర్వాత ఒక్కొక్కరే తల్లితో మాట్లాడటం మొదలుపెట్టారు. నేను పక్కన నిలబడి వింటూ పరంజాలో ఊగే పలకనూ, ఊడిన కడ్డీనీ సరిచేయించుకుంటూ పోయేవాణ్ణి. కొన్నాళ్ళకు తల్లిని మధ్యవర్తిగా పెట్టుకోవడం కూడా మానేసి నేరుగా నాకే చెప్పసాగారు.

ఇప్పుడు జనగామలోనూ అదే అక్క, అదే బావ. పొద్దున్నే మిషను తిప్పేముందు కొక్కెం చూడటం అక్క తనకు తానే తీసుకున్న పని, ఆమె తలూపనిదే బావ స్విచ్చు నొక్కడు. ఇక్కడా ఒక పసుపు రాయి ఉంది గానీ దాని ముందు సందడి లేదు. అప్పట్లో ఒక ప్రాణం నిలిచిందంటే చిన్న పండగలా అందరం గుమిగూడి, తలా ఒక ముక్క నమిలి, ఆ మనిషిని కాసేపు కళ్ళారా చూసుకునేవాళ్ళం. ఇప్పుడు ఒక్క మాట చెబుతారు, నేను రాసుకుంటాను, చెక్క బిగిస్తారు. ఆ గుమిగూడటం కోసం మనసు కొంచెం లాగుతుంది. అయినా ఇలాగే బాగుంది.

కాయలు కొట్టడం బాగా తగ్గిపోవడంతో, ఇడ్లీలోకి అక్క ఇప్పుడు పల్లి చట్నీ చేస్తోంది.