బాబాయి ఆడించిన వార్తలు

మా గది బాబాయి పోయాడని మొన్న ఆయన కూతురు ఫోనులో రెండు ముక్కల్లో చెప్పింది. ఆయన వింటే ఒప్పుకునేవాడు కాదు. "వార్తంటే అలా పొడిపొడిగా చెప్పడమేంట్రా, అందులో మనుషులు మాట్లాడాలి" అనేవాడు.

సౌదీలో, జుబైల్లో మాతో గది పంచుకున్న పైపు ఫిట్టర్ ఆయన. కంపెనీలు వేరు, వంట ఒకటే. అమెరికాలో రేడియో కొత్తల్లో వార్తల్ని నటుల చేత ఆడించేవాళ్లని ఎక్కడో చదివాడు. ఇక చూసుకోండి, శుక్రవారం భోజనాలయ్యాక మా ప్రాణాలు తోడేసేవాడు. పేపర్లో వార్తలు తలా ఒకటి పంచి, మంత్రిగారి గొంతూ, వీసా ఇచ్చిన కఫీల్ గొంతూ మా చేత పలికించేవాడు. పళ్లెంలో బియ్యం జల్లిస్తే వాన. నాకెప్పుడూ పాస్‌పోర్టు ఆఫీసరు వేషమే. తుప్పు పట్టిన పాలడబ్బాతో బల్ల మీద గుద్దితే అది ముద్ర. "గట్టిగా గుద్దరా, అవతలివాడి బతుకది" అని పదిసార్లు చేయించేవాడు. విసుగొచ్చి చచ్చేవాణ్ణి. పేపర్లో లేని మాట ఒక్కటి కలిపినా ఊరుకునేవాడు కాదు.

అది నితాఖత్ రూలు వచ్చిన ఏడాది. సౌదీవాళ్లను సరిపడా పెట్టుకోని కంపెనీలు ఎరుపు జాబితాలో పడుతున్నాయి. వాటిలో పనివాళ్ల ఇకామా కార్డులు రెన్యూ కావు, అవి లేకపోతే దేశంలో ఉండనివ్వరు. ఒక శుక్రవారం ముసలి కూలీ వేషం బాబాయే కట్టాడు, చేతిలో ఏదో కాగితంతో.

"ఇది ఏ పేపర్లో పడింది బాబాయ్?" అన్నాను.

"లోపలి పేజీలో ఉందిలే. నువ్వు సరిగ్గా చదివి చస్తేగా."

ముసలి కూలీ ఇంకో కంపెనీకి మార్చమని బతిమాలాడు. "ఈ వయసులో నిన్నెవరు తీసుకుంటారు? ఖలాస్, ఇంటికి పో" అని ఆ కాగితం మీద డబ్బా గుద్దాను. గదంతా నవ్వులు, చప్పట్లు. ఆయన వంగి దండం పెట్టాడు.

మర్నాడు ఆయన పెట్టె సర్దుకుంటుంటే తెలిసింది. ఎరుపులో పడింది ఆయన కంపెనీయే. ఆ కాగితం ఆయన్ని పూర్తిగా ఇంటికి పంపేసే ఫైనల్ ఎగ్జిట్.

"నోటితో చెప్పొచ్చు కదా బాబాయ్" అని అరిచాను.

"చెప్పాను కదరా. మీరే చప్పట్లు కొట్టారు."

ఇలాంటి మనిషితో ఎలా వేగాలో మీరే చెప్పండి. ముందే తెలిస్తే ఆయన పని కోసం నాలుగు కంపెనీల గుమ్మాలెక్కేవాళ్లం. దొరికేదో లేదో, తిరిగామన్న తృప్తయినా మిగిలేది. ఊళ్లోవాళ్లందరి సంగతులూ అంత బాగా వినిపించినవాడికి తన సంగతి మామూలుగా చెప్పడం చేతకాలేదు. ఆ కోపం నాకింకా తగ్గలేదు. శుక్రవారం భోజనం ముగిస్తే మాత్రం చెయ్యి డబ్బా కోసం వెతుకుతుంది.

నిన్న ఆయన కూతురు ఒక ఫోటో పంపింది. "నాన్న బీరువాలో దాచుకున్న కాగితం, అన్నయ్యా. దీని మీద గుండ్రంగా ఉన్నది ఏ ఆఫీసు ముద్ర?"

అక్షరాల మీదుగా, తుప్పు రంగులో, పాలడబ్బా అంచు. గట్టిగానే గుద్దాను.