బాస్ గుడ్ల దొంగ

మా చిన్నప్పుడు... ఏప్రిల్ వస్తే నాన్న ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి పాండ్‌లోకి దిగేవారు. అమెరికాలో షాంటిలీ ఊరు దాటాక కాస్త లోపలికి ఉండేది మా ఇల్లు. వెనక సొంత పాండ్, అందులో బాస్ చేపలు...

లోతు తక్కువ చోట గులకరాళ్లు పరిస్తే బాస్ గుడ్లు పెడుతుందని పక్కింటి వాల్టర్ అంకుల్ చెప్పారు. రాళ్లు కూడా ఆయన ట్రక్కులోనే వచ్చాయి. బకెట్లతో మోసి మోసి నా అరచేతులు బొబ్బలెక్కాయి.

గుడ్లు పడ్డాయి... మగ చేప కాపలా తిరిగింది. బుల్లి చేపల్ని చూడాలని నాన్నకి ఒకటే ఆరాటం. ఆఫీస్ కాల్స్ కూడా ఒడ్డునే కూర్చుని మాట్లాడేవారు. మూడో రోజుకి గుడ్లు మాయం.

మరుసటి ఏడూ అంతే.

"పొద్దున్నే కాఫీ కప్పు పట్టుకుని మన ఒడ్డున ఈ వాల్టర్‌కేం పని? డౌటే లేదు, గాలం వేసి ఆ మగదాన్ని లాగేస్తున్నాడు, కాపలా లేక గుడ్లు పోతున్నాయి" అన్నారు నాన్న. ఇక కిటికీ వెనక నుంచి నిఘా. నేనైతే అంకుల్ వచ్చే టైమూ వెళ్లే టైమూ నోట్‌బుక్‌లో రాసేదాన్ని... పదేళ్లకే పెద్ద డిటెక్టివ్‌ని మరి!

ఒకరోజు నాన్న ఆయన ముందే, ఎవరో మా చేపలు పడుతున్నారన్నారు. అంకుల్ ముఖం ఎర్రబడింది. వెనక్కి తిరిగి వెళ్లిపోయారు.

"చూశావా, గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నాడు" అన్నారు నాన్న అమ్మతో.

ఆయన మళ్లీ రాలేదు. తర్వాతి ఏప్రిల్‌లో గుడ్లు మళ్లీ పడ్డాయి...

మా ఇంట్లో నిర్మాల్యం పారేసే పని నాది. దేవుడి దగ్గర తీసిన పూలు, అక్షతలు ఎవరూ తొక్కకూడదని అమ్మ పాండ్‌లో వేయించేది. ఒడ్డుకి దగ్గరని రోజూ ఆ రాళ్ల మూలనే వేసేదాన్ని. ఆ ఉదయం పళ్లెం వంచానో లేదో, అక్షతల కోసం పాండ్‌లోని వేరే చిన్న చేపలు గుంపుగా వచ్చాయి. మగ బాస్ ఒకదాన్ని తరిమేలోగా మిగతావి గుడ్ల మీద పడ్డాయి. నా కళ్ల ముందే అన్నీ ఊడ్చేశాయి.

ఖాళీ పళ్లెంతో ఇంట్లోకి వచ్చాను. నాన్న తిడతారని భయం... నోరు విప్పలేదు. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటుండగానే అంకుల్ ఇల్లు అమ్మి వెళ్లిపోయారు. ఆ ఏడు రాత్రిళ్లు వచ్చుంటాడని తేల్చేసిన నాన్న ఇప్పటికీ ఆయన్ని దొంగనే అంటారు. నేను ఇప్పటికీ తల వంచుకుని అన్నం కలుపుకుంటాను.

ఇప్పుడు ప్రతి ఇంటికీ కెమెరాలే... అప్పుడు మాకూ ఒకటి ఉంటే దొరికేది నేనే. అంకుల్ మాత్రం కాఫీ కప్పుతో మా ఒడ్డుకి వస్తూనే ఉండేవారు.

మీ ఇంట్లోనూ ఇలా ఎవరి మీదైనా ఉత్తి పుణ్యానికి నింద పడిందా? నాలాగా నోరు మూసుకున్నవాళ్లుంటే చెప్పండి...