ఆంటీ వాసన వేసే తుపాకీ గుళ్లు

ఆ రోజుల్లో చలికి తప్ప దేనికీ భయపడనని నాకు గట్టి నమ్మకం. కెనడాలోని ఒషావాలో కాలేజీ, మిగతా సమయంలో కాఫీ షాపులో పని, ఉండేది బాపట్ల నుంచి వచ్చి స్థిరపడిన ఒక అంకుల్ ఇంటి బేస్‌మెంట్‌లో. నేను అద్దెకు దిగిన కొన్నాళ్లకే ఆంటీ పోయారు, అప్పటికి ఏడాది కూడా కాలేదు. నా గది పక్కన ఇంకో గది ఉండేది, దాని తలుపు ఎప్పుడూ మూసే ఉండేది. పెందలాడే చీకటి పడే ఆ మంచు సాయంత్రాల్లో దాని కింద నుంచి కరిగిన కొవ్వొత్తుల వాసన, ఆ వెనకే కొబ్బరి తలనూనె వాసన వచ్చేవి. అచ్చంగా ఆంటీ జడ వాసన (అంకుల్‌ది బట్టతల, నాది హెయిర్ జెల్). తర్వాత అంకుల్ గొంతు వినిపించేది. "ఇదెలా ఉందే? పొగ తక్కువేలే. నువ్వు చెప్పు." జవాబు మాత్రం వినపడేది కాదు. వినపడి ఉంటే ఇది రాయడానికి నేను మిగిలేవాణ్ణి కాదు.

సంగతి చెబితే మా వరంగల్ స్నేహితుడు (అందరికీ పహిల్వాన్) కాఫీ కప్పు కింద పెట్టేశాడు. "మామా, ఆ ఇల్లు ఇడిచిపెట్టు. నేను కారు తెస్త. లోపలికి మాత్రం రాను." నేను వెళ్లిపోతే ఆ పెద్దాయన ఆ ఇంట్లో ఒంటరిగా మిగిలిపోతారని తెలుసు. మనసు పీకుతూనే ఉంది. అయినా పెట్టె సర్దాను.

ఖాళీ చేస్తానని చెబుదామని వెళ్లి తలుపు మీద చెయ్యి వేస్తే అదే తెరుచుకుంది. బల్ల మీద బూడిదరంగు తుపాకీ గుళ్లు, ప్రార్థనకు లేచి నిలబడ్డ జనంలా వరసగా ఉన్నాయి. వాటి ఎదురుగా ఆంటీ ఫొటో. "రా అబ్బాయ్! క్లబ్బులో పిస్టల్‌తో కాల్చే గుళ్లు నేనే సీసం కరిగించి పోసుకుంటా. మైనం పుయ్యకపోతే గొట్టానికి సీసం అంటుకుంటది. ఏ మైనం మంచిదో చూస్తన్నా" అన్నారు అంకుల్. ఒక గిన్నెలో షాపులో కొన్న నీలం మైనం, రెండో దాంట్లో తేనెమైనం. మూడో గిన్నెలో ఏముందని అడిగితే సిగ్గుపడ్డారు. "మీ ఆంటీ సమాధి కాడ వెలిగించిన కొవ్వొత్తుల ముక్కలు. ఆవిడ సీసాలో మిగిలిన నూనె. పారెయ్యబుద్ధి కాలా. ఈ పొగకి ఎప్పుడూ నామీద కేకలేసేది. ఇప్పుడూ ఆవిణ్ణి అడక్కుండా ఏదీ తేల్చను."

శనివారం నన్నూ క్లబ్బుకు తీసుకెళ్లారు. ఆకు కదలని చలి. నీలం రకం, తేనెమైనం రకం బుద్ధిగా గురి కాగితం నడిమధ్య తగిలాయి. మూడో రకం తూటాలను మాత్రం, వాటి మీది నూనె గడ్డకడుతుందని కోటు లోపలి జేబులో వెచ్చగా పెట్టుకొచ్చారు (చలికాలం కొబ్బరినూనె సీసాను వెచ్చబెట్టే అలవాటు మనవాళ్లకు కెనడా వచ్చినా పోదు). జేబంతా జిడ్డు. కాలిస్తే ఒక్కోటి ఒక్కో దిక్కుకు పోయింది. "చూశావా? మీ ఆంటీ ఎటు పొమ్మంటే అటు పోయిన మనిషి కాదు" అని పగలబడి నవ్వారు. ఆ పొగ మాత్రం చెదరలేదు. మా ఇద్దరి మధ్య మనిషెత్తున నిలబడింది, తలనూనె వాసనతో. అవతల కాల్చుకుంటున్న తెల్లాయన, ఎవరో పిలిచినట్టు చప్పుడు వినపడకుండా చెవులకు పెట్టుకున్న మఫ్స్ తీసి వెనక్కి తిరిగి చూశాడు. అంకుల్ నవ్వు ఆగిపోయింది. "వచ్చిందిరా" అన్నారు మెల్లగా. పొగ విడిపోయేదాకా ఎవరం కదల్లేదు. ఆ తర్వాత, "నూనె అయిపోయింది" అన్నారు. అంతే. ఇంటికొచ్చి నేను పెట్టె విప్పేశాను. చదువు అయ్యేదాకా అక్కడే ఉన్నాను.

ఇప్పుడు అంకుల్ కూడా ఆంటీ పక్కకే చేరారు. ఇప్పుడు నేనుండే మిల్టన్ ఊళ్లో, మా ఇంట్లో కొబ్బరినూనె రాసుకునేవాళ్లు లేరు. అయినా చలికాలం సాయంత్రాలు కొవ్వొత్తి ఆర్పితే ఒక్కోసారి ఆ వాసన వస్తుంది. "డాడ్, హూ ఆర్ యూ టాకింగ్ టు?" అంటుంది మా అమ్మాయి. ఎవరితోనూ కాదంటాను. పొగ ఎక్కువైందా అని ఆంటీని అడుగుతున్నానంటే, అది కూడా పెట్టె సర్దుకుంటుంది.