ఎడమ చెయ్యి చాపండర్రా

మా సైన్సు టీచరు గారు పోయారు. పోయిన ఆదివారం పొద్దున్న మండపేటలో మా ఇంటి వరండాలో పదో తరగతి పిల్లల్ని కూచోబెట్టి, విద్యుదయస్కాంతత్వం మళ్ళీ మొదటినుంచి చెబుతున్నాను. పబ్లిక్ పరీక్షలు నెత్తిమీదికి వచ్చాయి. అప్పుడు నాతో చదువుకున్న ఒకావిడ రాజోలు నుంచి ఫోన్ చేసింది. "టీచరు గారు తెల్లారుగట్ల వెళ్ళిపోయేరే. నిద్దట్లోనేనంట" అంది. ఫోన్ పెట్టేశాక ముందు నాకు ఏడుపు రాలేదు. పెద్ద నిట్టూర్పు వచ్చింది. ఇన్నాళ్ళకి ఆవిడ కాస్త పడుకున్నారు అనిపించింది. ఆ మాటకి నన్ను ఎవరైనా తప్పు పడితే పట్టొచ్చు గాని, ఆవిడ దగ్గర చదువుకున్నవాళ్ళు మాత్రం పట్టరు.

ఎందుకంటే మా టీచరు గారిని అలిసిపోకుండా ఉండగా మేమెవరమూ చూడలేదు. పొద్దున్నే అత్తగారికీ మావగారికీ అన్నీ అమర్చి, అమలాపురంలో బస్సెక్కి, దిగాక కాలవ గట్టు మీద నడుచుకుంటూ మా ఊరి హైస్కూలుకి వచ్చేవారు. క్లాసులోకి వస్తూనే కుర్చీలో కూలబడి, కొంగుతో మొహం తుడుచుకుని, చెప్పుల్లోంచి కాళ్ళు బయటికి తీసి, కళ్ళు మూసుకునేవారు. "ఎవరైనా లేచి చెప్పండర్రా. నాకు రాదనుకోండి. నాకు చెప్పండి" అనేవారు. అదే ఆవిడ పాఠం చెప్పే పద్ధతి. మేం బోర్డు దగ్గరికి వెళ్ళి ఆవిడకి చెప్పాలి. నిద్రపోతున్నారులే అని ఎవరైనా నోటికొచ్చింది వాగితే, కళ్ళు తెరవకుండానే "ఆఁ?" అనేవారు. ఆ ఒక్క అక్షరానికి బెత్తం దెబ్బ కంటే ఎక్కువ భయపడేవాళ్ళం. చెబుతున్నవాడు టక్కున ఆగి, వెనక్కి వెళ్ళి, తప్పు ఎక్కడుందో తనే వెతుక్కునేవాడు.

ఒకసారి ఒక పిల్ల ఉండబట్టలేక, "టీచరు గారండీ, మీకెప్పుడూ అలుపేనా అండీ?" అని అడిగేసింది. మేం బిక్కచచ్చిపోయాం. ఆవిడ నవ్వి, "అలుపు లేనిది గోడ గడియారానికొక్కదానికేనే. దానికైనా ఎవరో ఒకరు కీ ఇవ్వాలి" అన్నారు. ఆవిడకి కీ ఇచ్చేవాళ్ళు ఉన్నారా లేరా అని ఆలోచించే వయసు కాదు మాది.

నేను పదో తరగతిలో ఉండగా తొంభై ఆరు తుఫాను వచ్చింది. కోనసీమలో ఆ ఏడాది గురించి ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. మా స్కూలు పెంకులు ఎగిరిపోయాయి. సైన్సు గదిలో సామాన్లు నానిపోయాయి. మా దొడ్లో కొబ్బరి చెట్లు దాదాపు అన్నీ పడిపోయాయి. నాన్న చాలా రోజులు వాటి మధ్య ఊరికే తిరిగేవాడు. కరెంటు ఎప్పటికో గాని రాలేదు. మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టు, ప్రీఫైనల్లో నేను సైన్సు తప్పాను.

ఆ సాయంత్రం టీచరు గారు మా ఇంటికి వచ్చారు. నాన్న కుర్చీ తెచ్చేలోపే పడిపోయిన కొబ్బరి మాను మీద కూచున్నారు.

"పిల్ల తప్పిందండీ" అన్నాడు నాన్న. "పబ్లిక్‌లో కూడా తప్పితే ఇంక మాన్పించేసి కుట్టుమిషనుకి పంపిద్దామనుకుంటన్నానండి. చెట్లన్నీ పోయేయి. మళ్ళీ నాటి, అవి కాపుకి రావాలంటే ఎన్నేళ్ళు పడుతుందో మీకు తెలీనిదేముందండీ."

"ఆయ్, నిజమేనండి. చెట్టు కాపుకొచ్చేదాకా ఆగుతారు కదండీ? పిల్లకి పరీక్ష అయ్యేదాకా ఆగండి" అన్నారావిడ.

నాన్న తల గోక్కుని, "ఆయ్, అలాగేనండి" అన్నాడు. నా చదువంతా ఆ ఒక్క పేపరు మీద వేలాడుతోందని నాకు అప్పుడు తెలిసింది.

మర్నాటి నుంచి క్లాసులు మొదలవకముందే స్కూలు వరండాలో రివిజన్. దాని కోసం ఆవిడ మొదటి బస్సుకే వచ్చేసేవారు. టిఫిన్ బాక్సు మా ముందే తెరిచి, రెండు ముద్దలు తిని మూత పెట్టేసేవారు. అందరూ పుస్తకం మొదటి పేజీ నుంచి తిరగేస్తారు కదా, ఆవిడ చివరి పాఠంతో మొదలుపెట్టేవారు. "మొదటి పాఠం అందరికీ వస్తుందర్రా. ఆఖరి పాఠం దగ్గరికొచ్చేసరికి అందరూ అలిసిపోతారు. ఒంట్లో ఓపికున్నప్పుడే దాని పని పట్టండి" అనేవారు. ఓపిక లెక్క ఆవిడకి తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తుంది!

తరంగాల పాఠానికి సామాన్లేవీ మిగల్లేదు. కొబ్బరితాడు తెప్పించి, ఒక కొస స్కూలు ఆవరణలో మిగిలిన మోడుకి కట్టించి, రెండో కొస నా చేతికిచ్చి ఊపమన్నారు. నేను ఊపాను. మెలిక ఒకటి తాడు పొడవునా పరిగెత్తి మోడుకి కొట్టుకుంది.

"తాడు వెళ్ళిందా?"

"లేదండీ. ఇక్కడే ఉందండీ."

"మరి వెళ్ళిందేంటి?"

"శక్తండీ."

"అదీ. ఇప్పటిదాకా నాదీ అలాగే మీ దగ్గరికొచ్చింది. ఇంక నేను కూచుంటాను, మీరు ఊపండి" అని కుర్చీలో చతికిలబడ్డారు. మేం నవ్వుకుంటూ తాడు తెగేదాకా ఊపాం.

కరెంటు లేని ఊళ్ళో కరెంటు పాఠం మాత్రం నవ్వులాట కాలేదు. అయస్కాంతం పక్కన తీగ పెట్టి అందులో కరెంటు పంపిస్తే తీగ ఎటు కదులుతుందో చెప్పడానికి ఎడమచేతి నిబంధన ఉంది. చూపుడు వేలు అయస్కాంత క్షేత్రం, నడిమి వేలు కరెంటు, బొటనవేలు తీగ కదిలే దిక్కు. మూడూ ఒకదానికొకటి అడ్డంగా నిలబెట్టాలి. "ఎడమ చెయ్యి చాపండర్రా" అన్నారావిడ. క్లాసు క్లాసంతా కుడి చెయ్యి చాపింది.

"ఆఁ?"

ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. ఎడమ చెయ్యేదో తెలీని వయసు కాదు. కాని పెద్దవాళ్ళ ముందు ఎడమ చెయ్యి చాపకూడదని పాలు తాగే వయసు నుంచీ మాకు వీపు మీద రాసి పెట్టారు. టీచరు గారి మొహమ్మీదికి ఎడమ చెయ్యి చాపడమా? మా చేతులు మమ్మల్ని అడక్కుండానే మారిపోయాయి.

అందరిలోకీ నా సంగతి మరీ అన్యాయం. నేను పుట్టడమే పుర్రచెయ్యి పిల్లని. ఎడమ చేత్తో ముద్ద ఎత్తినప్పుడల్లా మా నాయనమ్మ ఆ చేతిమీద ఒకటిచ్చేది. "ఆ చేత్తో తింటే లక్ష్మి నిలవదే" అనేది. ముసలిదానికి నేనంటే ప్రాణమే, కాని ఆ ఒక్క విషయంలో కనికరం లేదు. అందుకే ప్రీఫైనల్లో దిక్కులు అడిగిన ప్రతి ప్రశ్నలోనూ నా కుడి చెయ్యే లేచింది. తీగలన్నీ అటు కదలాల్సినవి ఇటు కదిలాయి. ఆవిడ నా పేపరు ముందు పెట్టుకుని చాలాసేపు చూసి, "నీకు పాఠం వచ్చిందే. చెయ్యి రాలేదు. ఎందుకని?" అని అడిగారు. చెప్పాను. చెబుతుంటే ఏడుపొచ్చింది.

ఆవిడ నా ఎడమ చెయ్యి తన చేతుల్లోకి తీసుకున్నారు. వేళ్ళు ఒక్కొక్కటే విడదీసి నిలబెట్టారు. "ఇది మోటారు చెయ్యి. అది డైనమో చెయ్యి. మోటారుకి ఎడమ, డైనమోకి కుడి. రెండిట్లో ఏదీ తప్పుడు చెయ్యి కాదు. పరీక్షలో పెన్ను కింద పెట్టి, నిదానంగా ఈ చెయ్యి చాపు. ఎవరేమనుకున్నా చాపు" అన్నారు. ఆ చేతిని అంత మర్యాదగా పట్టుకున్నవాళ్ళు అంతకుముందు ఎవరూ లేరు.

పబ్లిక్‌లో ఆ ప్రశ్న రానే వచ్చింది. పెన్ను కింద పెట్టి ఎడమ చెయ్యి చాపాను. ఇన్విజిలేటరు గారు గబగబా వచ్చి, "ఏంటమ్మా, ఎవరికి సైగలు చేస్తన్నావ్?" అన్నారు. "ఎడమచేతి నిబంధనండీ" అన్నాను. ఆయన తలెత్తి చూస్తే, మా స్కూలు పిల్లలందరి ఎడమ చేతులూ గాల్లో ఉన్నాయి. వెళ్ళి గుమ్మంలో నిలబడ్డారు. నేను పాసయ్యాను. కుట్టుమిషను మాట మళ్ళీ ఎత్తకుండా నాన్నే నన్ను సైకిలెక్కించుకుని కాలేజీలో చేర్చి వచ్చాడు. ఈ రోజు నేను నాలుగు ముక్కలు చెప్పుకుని బతుకుతున్నానంటే అది ఆవిడ చలవ. ఇందులో దాచుకోవలసిందేమీ లేదు.

రిటైరయ్యాక ఆవిడకి పక్షవాతం వచ్చింది. సంక్రాంతి వెళ్ళాక చూడ్డానికి వెళ్ళాను. కుడి పక్క పూర్తిగా పడిపోయింది. మాట ముద్దగా వస్తోంది. నన్ను చూసి చాలాసేపు ఊపిరి కూడదీసుకుని, "డైనమో పోయిందే. మోటారొక్కటీ ఉంది" అన్నారు. పక్కనున్న పళ్ళెంలోంచి ఎడమ చేత్తో అరటిపండు తీసి నాకు అందించారు. వాళ్ళాయన మొహమాటపడిపోయి, "ఎడం చేత్తో ఇచ్చిందని ఏమనుకోకమ్మా" అన్నారు.

నేను ఎడమ చేత్తోనే అందుకున్నాను. ఆవిడ కళ్ళు మూసుకుని, మూతి ఒక పక్కే కదిలేలా నవ్వారు. ఆవిణ్ణి ప్రాణంతో చూడడం అదే ఆఖరు.

కడసారి చూపుకి వెళ్ళొచ్చిన మర్నాడు పిల్లలు మళ్ళీ వచ్చారు. పరీక్షలు మన దుఃఖం కోసం ఆగవు. పాపం వాళ్ళ మొహాలు కూడా వాడిపోయి ఉన్నాయి. నాకు నిలబడే ఓపిక లేదు. కుర్చీలో కూలబడి, చెప్పులు విడిచి, కళ్ళలో నీళ్ళు వాళ్ళకి కనబడకుండా కళ్ళు మూసుకున్నాను. "ఎడమ చెయ్యి చాపండర్రా" అన్నాను.

కళ్ళు తెరిచేసరికి వరండా నిండా కుడి చేతులు.

"ఆఁ?" అన్నాను.

పిల్లలు ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. కుడి చేతులు ఒక్కొక్కటే దిగాయి. తరవాత గోడవార కూచున్న పిల్ల ఒకతి, దెబ్బ పడుతుందేమోనన్నట్టు నా వైపే చూస్తూ, మెల్లిగా ఎడమ చెయ్యి చాపి మూడు వేళ్ళు విప్పింది.