ఎవరిదీ కాని రంగు

కమలాకర్ క్యాంపస్‌లో గోడవారనే నడుస్తాడు. లైబ్రరీలో ఉద్యోగం, ఏ పార్టీలోనూ లేడు. ఎక్కడ నినాదాలు వినిపించినా తల వంచుకుని అడుగు వేగం పెంచుతాడు. పోయిన వారం హాస్టళ్ల గొడవలో ఎవరిదో ఎర్ర స్కూటర్‌ను, ఆ రంగు అవతలి పార్టీదని పగలగొట్టారు. అందుకే తార్నాకలో ఇన్నయ్య పెయింటింగ్ షెడ్డు ముందు, విప్పి పెట్టిన తన పాత మోటార్ సైకిల్ పక్కన, చొక్కా గుండీ తిప్పుకుంటూ దానికి ఏ రంగు వేయించాలో ఈరోజూ తేల్చుకోలేకపోతున్నాడు. ఫ్రేముకు నల్ల పౌడర్ కోటింగ్ అనుకున్నాడు. మిగిలింది ట్యాంకు.

"కాషాయం ఏద్దామా?" అన్నాడు ఇన్నయ్య.

"వద్దన్నా, గది గాళ్లది."

"నీలం?"

"గదింకొకళ్లది."

"సింగిడిల ఏడు రంగులుంటే ఇగ నీకు మిగిలిందేంది సారూ?"

ఇన్నయ్య ఒక రేకుముక్క మీద ఎరుపు కొట్టి చూపించాడు. చిన్నప్పటి నుంచీ కమలాకర్‌కి ఆ రంగే ఇష్టం. ఇంకా తడి ఆరని ఆ రేకును అంచులు పట్టుకుని ఎండకెత్తి చూస్తుండగా, జెండా కర్రలతో కుర్రాళ్ల గుంపొకటి షెడ్డు ముందు ఆగింది.

"ఏం కలర్ ఏపిస్తున్నవే అన్నా?"

రేకు చటుక్కున వీపు వెనక్కి పోయింది.

"బూడిద రంగు," అన్నాడు. వాళ్లు కనుమరుగయ్యేదాకా కదల్లేదు.

"బూడిదే ఖాయం చెయ్యన్నా," అని రేకు బల్ల మీద పడేసి, డ్యూటీకి టైమైందంటూ పరుగెత్తాడు.

ఇన్నయ్య తలెత్తేసరికి క్యాంపస్ బస్సు ఫుట్‌బోర్డు మీద కమలాకర్ వేలాడుతున్నాడు. తెల్లచొక్కా వీపున అరచేతి వెడల్పున ఎరుపు మెరుస్తోంది.

"సారూ, ఆగు!"

బస్సు మలుపు తిరిగింది.